పాత ఉద్యోగంలో పెట్టిన అనారోగ్య సెలవు కొత్త కంపెనీకి చెప్పాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీకు 27 ఏళ్లు. రెండేళ్ల క్రితం టీబీ వచ్చి పాత కంపెనీలో వరసగా 84 రోజులు, జీతం లేకుండా, డ్యూటీకి వెళ్లలేకపోయారు. వాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో ఆరు నెలల మందులు పూర్తిగా వాడారు, తగ్గిపోయింది. ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీలో ప్రొడక్షన్ కెమిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచారు. వాళ్లు ముందుగా నింపి పంపమన్న ఫారంలో ‘గత మూడేళ్లలో అనారోగ్యం వల్ల ఎన్ని రోజులు గైర్హాజరయ్యారు, కారణం ఏమిటి’ అనే గడి ఉంది. స్నేహితులు ‘లేదు’ అని రాసేయమంటున్నారు. పాత కంపెనీ వాళ్లు ఈ సంగతి బయటపెడతారా అన్నది మీ భయం.

సూటిగా చెబుతాను. ‘లేదు’ అని రాయకండి. 84 రోజులు అని రాయండి. జబ్బు పేరు ఆ గడిలో రాయనవసరం లేదు. దాన్ని కంపెనీ డాక్టరుకు చెప్పండి, కాగితాలు చేతిలో పెట్టి, ఏదీ దాచకుండా చెప్పండి.

నేను విశాఖలో 29 ఏళ్లు ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ విభాగంలో పనిచేశాను. గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసులో గుమాస్తాగా మొదలై, దువ్వాడ వైపు ఒక ఎగుమతుల యూనిట్‌కు మారి, చివరి పదకొండేళ్లు ఒక మందుల తయారీ సంస్థలో ఉన్నాను. మీలాంటి వాళ్లు నింపిన ఫారాలు వేల సంఖ్యలో నా చేతుల మీదుగా వెళ్లాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ స్నేహితులు ఒక విషయం మరిచిపోయారు. మీరు వెళ్తున్నది ఏ బట్టల షాపుకో కాదు, మందులు తయారుచేసే చోటికి. డ్రగ్స్ నిబంధనల్లో షెడ్యూల్ ఎం అని ఒకటి ఉంది. దాని ప్రకారం తయారీలోకి తీసుకునే ప్రతి మనిషికీ ముందుగా వైద్య పరీక్ష చేయించాలి, చేరిన తర్వాత కూడా పరీక్షలు సాగుతూ ఉండాలి. నేను పనిచేసిన కాలంలో ఆ నిబంధనలో టీబీ పేరు విడిగా రాసి ఉండేది. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తారనే అనుకోండి. టీబీ పూర్తిగా నయమైనా ఊపిరితిత్తి మీద పాత మచ్చ ఏళ్ల తరబడి, ఒక్కోసారి జీవితాంతం ఉండిపోవచ్చు. ఫారంలో ‘లేదు’ అని మీరు రాసినా, మీ ఎక్స్‌రే ‘ఉంది’ అంటుంది.

ఇలాంటిది నా కళ్ల ముందే జరిగింది. ఎమ్మెస్సీ చదివిన కుర్రవాడు, ఇంటర్వ్యూలో అందరికంటే బాగా చెప్పాడు. ఫారంలో పెద్ద జబ్బులు, దీర్ఘకాల సెలవులు అన్న గడులన్నింటిలో ‘లేదు’, ‘లేదు’, ‘లేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. వైద్య పరీక్ష రోజున కంపెనీ డాక్టరు నన్ను లోపలికి పిలిచారు. లైటు పెట్టె మీద ఫిల్ము పెట్టి ఉంది. కుడి ఊపిరితిత్తి పైభాగాన చిక్కటి దారాల ముడిలాంటి మచ్చ. ఆయన పెన్నుతో దాని చుట్టూ గీత గీసినట్టు చూపించి, ‘ఇది ఎప్పటిది బాబూ?’ అని అడిగారు. ఆ అబ్బాయి ‘తెలియదు సార్’ అన్నాడు. అనేటప్పుడు అతని చెయ్యి చొక్కా గుండీ మీద ఆగిపోయింది. నాకు ఇప్పటికీ గుర్తుంది.

అతన్ని బయట కూర్చోబెట్టాక డాక్టరుగారు నాతో అన్న మాట ఇది: ‘ఇది మానిన మచ్చ. కఫం పరీక్ష బాగుంటే ఉద్యోగానికి ఏ అడ్డూ లేదు. కానీ ఇతను అబద్ధం రాశాడు, నేనేం చేయను?’ కఫం పరీక్ష బాగానే వచ్చింది. అయినా ఫ్యాక్టరీ మేనేజరు ఒప్పుకోలేదు. ఆయన వాదన నేను కాదనలేకపోయాను. ప్రొడక్షన్ కెమిస్ట్ రోజంతా చేసేది బ్యాచ్ రికార్డు రాయడమే. ఎన్ని డిగ్రీల వేడిలో, ఎన్ని నిమిషాలు, ఎవరు తూకం వేశారు, ఎవరు సరిచూశారు అన్నది అప్పటికప్పుడు, ఉన్నది ఉన్నట్టు రాయాలి. అమెరికా నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు మొదట వెతికేది అక్కడే. రాసిన అంకెకూ జరిగిన పనికీ పొంతన లేదని తేలితే కంపెనీ ఎగుమతులే ఆగిపోయే ప్రమాదం ఉంది. ‘తన గురించి తానే మొదటి కాగితంలో తప్పు రాసిన మనిషిని రియాక్టరు దగ్గర ఎలా నిలబెట్టను?’ అన్నారాయన. ఆ అబ్బాయి ఉద్యోగం పోయింది జబ్బు వల్ల కాదు. నిజం రాసి ఉంటే అతని తరఫున నేనే మాట్లాడేవాణ్ణి. ఆ సంగతి అతనికి చెప్పి పంపవలసి వచ్చింది నాకే.

ఇక పాత కంపెనీ చెబుతుందా అన్న ప్రశ్న. మామూలుగా వెరిఫికేషన్‌కు ఫోను చేసేవాళ్లు అడిగేవి కొన్నే: ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానారు, హోదా ఏమిటి, చివరి జీతం ఎంత, ప్రవర్తన ఎలా ఉండేది, మళ్లీ తీసుకుంటారా. ఎన్ని రోజులు జబ్బు సెలవు పెట్టారని అడగడం నేను చూసినంతలో అరుదు. కానీ ఎవరూ నోరు విప్పకపోయినా కాగితాలు చెబుతాయి. జీతం చీటీలో వేతనం లేని రోజులు అని ఒక గడి ఉంటుంది. పీఎఫ్ లెక్కలో ఆ నెలల జమ ఒక్కసారిగా పడిపోయి కనిపిస్తుంది. కంపెనీ నెలనెలా పీఎఫ్‌కు పంపే వివరాల్లో వేతనం లేని రోజులకు ప్రత్యేకంగా ఒక గడే ఉంది. మీ సర్వీసు, పాస్‌బుక్కు చూపించమని కొత్త కంపెనీ అడగడం ఇప్పుడు మామూలైపోయింది. మూడు నెలల పాటు జమ దాదాపు సున్నా అయిన పాస్‌బుక్కు పక్కన ‘గైర్హాజరు లేదు’ అన్న ఫారం పెట్టి చూడండి.

యాజమాన్యాలు సెలవును ఎలా చూస్తాయో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. చాలామంది రోజుల సంఖ్య చూసి బెదిరిపోతారని అనుకుంటారు. నిజానికి టైమ్ ఆఫీసులో కూర్చున్నవాడు చూసేది ఆ రోజులు ఎలా పడ్డాయన్నది. సోమవారాలు, జీతం పడిన మర్నాడు, కనుమ వెళ్లిన మూడో రోజు, రాత్రి షిఫ్టు మొదలయ్యే రోజు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టికలో, ఇవి వరసగా కనబడితే సూపర్‌వైజరుకు ఏ సర్టిఫికెట్ మీదా నమ్మకం ఉండదు. బయటి దేశాల్లో దీనికి బ్రాడ్‌ఫర్డ్ లెక్క అని ఒక సూత్రం వాడతారు: ఎన్నిసార్లు సెలవు పెట్టారో ఆ సంఖ్యను దానితోనే హెచ్చించి, మొత్తం రోజులతో మళ్లీ హెచ్చిస్తారు. ఒకేసారి వరసగా 84 రోజులు రాకపోతే లెక్క 84. ఏడాదిలో పదిసార్లు ఒక్కొక్క రోజు మానేస్తే 10 ఇంటూ 10 ఇంటూ 10, అంటే వెయ్యి. మన ఆటోనగర్‌లో ఎవరూ ఈ సూత్రం కాగితం మీద వేయరు. కానీ ప్రతి సూపర్‌వైజరు మనసులోనూ ఇదే లెక్క ఉంటుంది. ఎందుకంటే మూడు నెలలు రాని మనిషి స్థానంలో ఇంకొకరిని పెట్టుకోవచ్చు. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు ఆరుంబావుకు కూడా రాని మనిషి స్థానంలో ఎవరిని పెడతారు? మీది ఒకే జబ్బు, ఒకే విడత, దానికి మొదలూ ముగింపూ ఉన్నాయి. మీ చేతిలో ఉన్న బలం అదే.

రెండోది, సమాచారం. జబ్బు పడటం తప్పు కాదు, చెప్పకుండా ఉండిపోవడం తప్పుగా మారుతుంది. ఫ్యాక్టరీల్లో ఉద్యోగ షరతులు నిర్ణయించిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనల్లో, సెలవు లేకుండా వరసగా పది రోజులకు మించి రాకపోతే అది దుష్ప్రవర్తన కింద లెక్కగా ఉండేది. మంజూరైన సెలవు అయిపోయాక ఎనిమిది రోజుల్లోగా వచ్చి కారణం చెప్పకపోతే ఉద్యోగం మీద హక్కే పోయే వీలుండేది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందువల్ల ఇక మీదట చట్టాల పేర్లు, సెక్షన్ల నంబర్లు మీకు వేరుగా వినబడతాయి. నేను నా ఉద్యోగకాలంలో అమలు చేసిన పాత చట్టాల మాటే చెబుతున్నాను.

చోడవరం దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక వెల్డరు ఉండేవాడు. మంచి పనివాడు. పచ్చకామెర్లు వచ్చాయి. ఊళ్లో పసరు మందు తీసుకుని, చప్పిడి పథ్యం ఉంటూ, ఫోను ఆపేసి పడుకున్నాడు. నిజంగానే జబ్బు, అందులో సందేహం లేదు. 19 రోజుల తర్వాత వచ్చినప్పుడు కళ్లలో ఇంకా పసుపు ఛాయ ఉంది. కానీ పసరు మందుకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఎవరో సలహా ఇస్తే, గాజువాకలో డబ్బు పెట్టి ఒక కాగితం తెచ్చాడు. మొదటి రోజు నుంచి పందొమ్మిదో రోజు వరకు తన దగ్గరే చికిత్స పొందాడని డాక్టరు రాశాడు. కింద వేసిన తేదీ మాత్రం ఆ రోజుదే, ముద్ర సిరా ఇంకా వేలికి అంటుతోంది. ఎంక్వైరీలో నేనే కూర్చున్నాను. ‘పసరు మందు తాగాను, చెప్పడానికి సిగ్గుపడ్డాను’ అని మొదటే రాసి ఇచ్చి ఉంటే మెమోతో పోయేది. దొంగ కాగితం పెట్టినందుకు రెండు ఇంక్రిమెంట్లు పోయాయి. జబ్బు నిజం, దాన్ని రుజువు చేయడానికి తెచ్చిన కాగితం అబద్ధం. ఇంతకంటే బాధ కలిగించిన ఎంక్వైరీ నా సర్వీసులో మరొకటి లేదు.

మీరు పాత కంపెనీకి ఆ 84 రోజుల్లో ఉత్తరమో, మెయిలో, వాట్సాప్ సందేశమో పంపారా? పంపి ఉంటే ఆ ప్రతులు తీసి పెట్టుకోండి. రిలీవింగ్ లెటర్‌లో ‘చెప్పకుండా మానేశారు’ అన్న మాట లేకపోతే అసలు దిగులే లేదు.

అన్నీ అందరికీ చెప్పాలని నా ఉద్దేశం కాదు. అడిగినదానికే, అడిగినంతకే జవాబు. కొన్నింటిని అడిగే హక్కు యాజమాన్యానికి అసలు లేదు. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగం అనడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. మానసిక వైద్యం తీసుకున్న వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. ప్రసూతి సెలవు జబ్బు సెలవు కానే కాదు, దాన్ని గైర్హాజరు కింద ఏ ఆడపిల్లా రాయనక్కర్లేదు. 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ఒక కేసు ప్రతి హెచ్ఆర్ ఉద్యోగీ చదవాలని నేను మా కుర్రవాళ్లతో చెబుతుండేవాణ్ణి. జీవిత బీమా సంస్థలో ప్రొబేషన్‌లో ఉన్న ఒక ఉద్యోగిని ప్రసూతి సెలవు పెట్టింది. చేరేటప్పుడు నెలసరి గురించి ఫారంలో తప్పు వివరం ఇచ్చిందని ఆమెను తీసేశారు. అలాంటి గడులు ఆడవాళ్లను ఇబ్బంది పెట్టేవి, వాటిని ఫారం నుంచి తొలగించండి అని కోర్టు చెప్పి, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అడగకూడని ప్రశ్నకు ఇచ్చిన జవాబు వేరు, అడగదగ్గ ప్రశ్నకు ఇచ్చిన అబద్ధం వేరు. మందుల తయారీలో అంటువ్యాధి గురించి అడగడం మాత్రం రెండో కోవలోకే వస్తుంది, ఆ మందు వేసుకునే రోగి కోసం అడుగుతారు.

దాచనే కూడదని నేను చెప్పేది ఒక రకం ఉద్యోగాల్లో. క్రేను, ఫోర్క్‌లిఫ్టు, బాయిలరు, ఎత్తు మీద పని, కంపెనీ బస్సు నడపడం. మూర్ఛ ఉన్న ఒక క్రేను ఆపరేటరు ఆ మాట దాచి మా దగ్గర చేరాడు. ఎనిమిదో నెలలో, పైన క్యాబిన్‌లో ఉండగా మూర్ఛ వచ్చింది. హుక్కుకు ఆ నిమిషాన బరువు లేదు. కింద ఇద్దరు ప్లేట్లు కొలుస్తున్నారు. అతన్ని కిందికి దింపడానికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, ‘రెండు చోట్ల నిజం చెప్పాను సార్, రెండు చోట్లా పంపేశారు’ అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అలా పంపేసిన వాళ్ల మీద వచ్చింది. స్టోర్స్‌లో నేల మీద పని ఇచ్చి ఉంచమని యాజమాన్యాన్ని ఒప్పించడానికి మూడు వారాలు తిరిగాను. ఒప్పుకున్నారు.

అతని మాటలో ఉన్న నిజాన్ని నేను మీ దగ్గర దాచను. నిజం చెప్పినా కొందరు తీసుకోరు. టీబీ అనగానే కుర్చీ వెనక్కి జరుపుకునే మేనేజర్లు ఇంకా ఉన్నారు. సరైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటుకునే అవకాశం బాగా తగ్గిపోతుందని, కోర్సు పూర్తయితే మామూలు మనిషేనని వాళ్లకు తెలియదు. ప్రైవేటు కంపెనీ కారణం చెప్పకుండా ‘తర్వాత తెలియజేస్తాం’ అంటే మీరు చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే జబ్బు పేరు ఫారంలో రాయవద్దంటున్నాను. ఆ ఫారం రిసెప్షన్ నుంచి నలుగురి చేతులు మారి వెళ్తుంది. డాక్టరు గదిలో చెప్పినది వైద్య కాగితాల్లో ఉంటుంది, పర్సనల్ విభాగానికి ‘ఫిట్’ లేదా ‘అన్‌ఫిట్’ అన్న ఒక్క మాటే రావాలి. నేను పనిచేసిన చోట ఆ పద్ధతి కచ్చితంగా పాటించాం.

గడిలో ఇలా రాయండి: ‘84 రోజులు, ఒకే విడత. వైద్య చికిత్స పూర్తయింది. ఆ తర్వాత అనారోగ్యం వల్ల గైర్హాజరు లేదు. వైద్య వివరాలు కంపెనీ డాక్టరుకు సమర్పిస్తాను.’ మూడో వాక్యం నిజమైతేనే రాయండి. ఆ నాలుగు వాక్యాల్లో అబద్ధం లేదు, అనవసరమైనది కూడా లేదు.

ఇంటర్వ్యూలో మీ అంతట మీరు ఈ విషయం ఎత్తకండి. అడిగితే తడుముకోకండి. ఒకసారి ఒక అమ్మాయి, క్వాలిటీ కంట్రోల్‌కు వచ్చింది, ఆపరేషన్ వల్ల 70 రోజులు ఇంట్లో ఉంది. బోర్డులో పెద్దాయన ‘మళ్లీ వస్తే?’ అని కాస్త కటువుగానే అడిగారు. ‘మళ్లీ రాదని డాక్టరుగారు రాసిచ్చారు సార్. అయినా ఏ రోజైనా రాలేకపోతే షిఫ్టుకు ముందే ఫోను చేస్తాను. పాత కంపెనీలో కూడా అలాగే చేశాను, అడగవచ్చు’ అంది. ‘అడగవచ్చు’ అన్న ఆ ఒక్క మాటకే పెద్దాయన ఫైలు మూసి తల ఊపారు. ఆమె అక్కడే సీనియర్ అయింది.

మీ దగ్గర ఉండవలసినవి: చికిత్స పూర్తయినట్టు ఆసుపత్రి ఇచ్చిన పత్రం, చివరి కఫం పరీక్ష నివేదిక, చికిత్స మొదట్లో తీసిన ఎక్స్‌రే, ఇప్పుడు కొత్తగా తీయించుకున్న ఎక్స్‌రే, తిరిగి డ్యూటీలో చేరిన రోజు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్. పాత, కొత్త ఎక్స్‌రేలు రెండూ పక్కపక్కన పెడితే డాక్టరుకు మీరు ఎక్కువ చెప్పే పనే ఉండదు. పూర్తయిన పత్రం పోయి ఉంటే, మీ నిక్షయ్ నంబరు (టీబీ రోగుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ వ్యవస్థలో మీకిచ్చిన నంబరు) తీసుకుని ఛాతీ ఆసుపత్రికి వెళ్లి మళ్లీ అడగండి. వివరాలన్నీ ఆ నంబరు మీదే నమోదై ఉంటాయి. ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు కాకుండా ఈ వారమే వెళ్లండి.

ఇంకొక మాట, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. అప్పట్లో మీ జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉందా? ఉంటే మీ చీటీలో 0.75 శాతం ఈఎస్ఐకి, అంటే కార్మికుల ప్రభుత్వ బీమాకు, కోసి ఉండాలి. పాత ఫ్యాక్టరీల చట్టంలో జబ్బు సెలవు అనే మాటే ఉండేది కాదు, ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున ఆర్జిత సెలవు తప్ప. అలాంటి కార్మికులకు జబ్బు వేళ ఆధారం ఈఎస్ఐనే. మామూలు జబ్బుకు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. టీబీ వాళ్ల దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంది కాబట్టి, రెండేళ్ల సర్వీసు, సరిపడా చందా ఉన్నవారికి 80 శాతం, ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. ఆ ప్రయోజనం పొందుతున్న కాలంలో కార్మికుణ్ణి తీసివేయకూడదని, శిక్షించకూడదని 1948 ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్‌లో ఉండేది. మీరు 84 రోజులూ జీతం లేకుండానే గడిపారని రాశారు. అప్పుడు ఎవరైనా మిమ్మల్ని మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లమని చెప్పారా? పాత జీతం చీటీల్లో ఈఎస్ఐ కోత ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి. ఉంటే ఆ కార్యాలయంలో ఏమి అడగాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో విడిగా చెబుతాను.